రాగి మీద రేవు

గుంటూరులో నది లేదు. ఎండ ఉంది, మిరపకాయల ఘాటు ఉంది, పొగాకు గోదాముల ముందు నిలబడితే గొంతులో పట్టుకునే తీపి వాసన ఉంది. నీళ్ళంటే మాత్రం కుళాయి దగ్గర బిందెల వరసే. అలాంటి ఊళ్ళో, ఆనందపేట సందుల్లో పుట్టి పెరిగిన సుభానీకి చిన్న వయసులోనే ఒక నది దొరికింది. అది కృష్ణ కాదు. అతను ఎన్నడూ చూడని దేశంలో, ఎన్నడూ చూడబోని ఊరి మధ్య పారే నది. ఒక డ్రాయింగు మాస్టారి వరండాలో, గోడ మీద, నాలుగు చెక్క ఫ్రేముల్లో అది పారుతుండేది.

సుభానీ తండ్రి అలీ సాహెబ్‌ది కళాయి పని. తిత్తి, బొగ్గుల సంచి, తగరం ముక్క, నవాసాగరం పొట్లం భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాడు. పిలిచిన వాళ్ళ దొడ్లో గుంట తవ్వి, నిప్పు రాజేసి, లోపల పచ్చగా కిలుం పట్టిన రాగి గిన్నెల్ని వెండిలా చేసి ఇచ్చేవాడు. కళాయి వేయడానికి ముందు గిన్నెను తోమాలి. పెద్ద గుండిగలైతే చేత్తో తోమడం అయ్యే పని కాదు. లోపల ఇసక పోసి, గోనె గుడ్డ వేసి, అందులో దిగి నిలబడి, గోడను పట్టుకుని నడుం అటూ ఇటూ తిప్పాలి. పాదాలే చేతులు. ఆ పని సుభానీది. అప్పుడప్పుడే మీసం వస్తున్న వయసు.

ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు ప్రేమదాసు మాస్టారింట్లో కళాయి ఉండేది. మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, చేతికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండే మనిషి. వాళ్ళ వరండా పక్కనే గుండిగ పెట్టుకుని సుభానీ అందులో నిలబడేవాడు. నడుం కుడికి తిప్పితే గోడ మీద ఒక వంతెన, ఎడమకు తిప్పితే పడవల తెరచాప కొయ్యలు. కుడికి తిప్పితే నీళ్ళ మీదికి ఒరిగిన చెక్క ఇళ్ళు, ఎడమకు తిప్పితే ఒడ్డున చుట్ట కాలుస్తూ కూర్చున్న ముసలివాడు. గుండిగ ఊగుతుంటే తనే ఆ నది మీద పడవలో వెళుతున్నట్టు ఉండేది. పాదాల కింద ఇసక గరగరలాడేది. ఆ చప్పుడు కూడా నీళ్ళదే అనిపించేది.

"ఏమోయ్, తోముతున్నావా, నాట్యం చేస్తున్నావా?" అన్నారు మాస్టారు ఒకరోజు, తలుపు దగ్గర నిలబడి.

"బొమ్మలు చూస్తున్నానండి."

"చూసి ఏం తేల్చావు?"

సుభానీ కాళ్ళు ఆపాడు. "అన్నీ గీశాడండి. పడవలు, తాళ్ళు, ఇటుకలు కూడా. నీళ్ళు మాత్రం గీయలేదు. మర్చిపోయాడా?"

మాస్టారు పెద్దగా నవ్వారు. నవ్వుతూనే వచ్చి ఒక ఫ్రేము కొక్కెం నుంచి తీసి, గుండిగ అంచు మీద ఆనించి పట్టుకున్నారు. అంత దగ్గరగా చూడటం సుభానీకి అదే మొదలు. పడవ చుట్టూ చీమల బారుల్లాంటి గీతలు. ఆ గీతలు ఆగిపోయిన చోట ఏమీ లేదు. తెల్ల కాగితం. ఆ తెలుపే మెల్లగా కదులుతున్నట్టుంది.

"మర్చిపోలేదోయ్. వదిలేశాడు. అంచులు గీసి నదిని వదిలేశాడు. నది తనంతట తనే వచ్చింది." తర్వాత ఫ్రేమును తన వైపు తిప్పుకుని అన్నారు, "ఇది దేని మీద గీశాడో తెలుసా? ఇప్పుడు నువ్వు తొక్కుతున్నావే, దాని మీద."

"గుండిగ మీదనా?"

"రాగి మీద. రాగి పలకకు మైనం పూసి, సూదితో ఆ మైనం మీద గీస్తారు. గీత పడిన చోట రాగి బయటపడుతుంది. దాన్ని ద్రావకంలో ముంచితే, బయటపడిన చోటంతా ద్రావకం కొరికేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద నొక్కుతారు. నూరేళ్ళ కింద లండన్లో థేమ్స్ నది ఒడ్డున ఎవరో గీసిన బొమ్మలివి. మిషన్ ఆసుపత్రిలో ఒక నర్సు దొరసానమ్మ ఉండేది, దేశం వెళ్ళిపోతూ నాకు ఇచ్చింది."

అలీ సాహెబ్ నిప్పు దగ్గర నుంచి కేకేశాడు. "ఒరేయ్, కాళ్ళు ఆగాయేం?"

కాళ్ళు మళ్ళీ తిరిగాయి. కానీ ఆ పూట నుంచి సుభానీకి రాగి వేరేగా కనబడింది. అంతవరకూ అది తోమి మెరిపించే లోహం. ఇప్పుడు దానికి నోరు వచ్చినట్టు, ఎవరైనా గీస్తే ఏదైనా చెబుతుందన్నట్టు ఉంది. ఆ ఏడాదే పట్నంబజారులో గిన్నెల కొట్టు ముందు కూర్చుని పేర్లు చెక్కే ముసలాయన దగ్గర చేరాడు. సన్న ఉలి, చిన్న సుత్తి. టిక్కు టిక్కుమంటూ ఉలి నడుస్తుంటే చుక్కలు చుక్కలుగా అక్షరం పుట్టేది.

"పేర్లు చెక్కి బతికినవాడు ఎక్కడున్నాడురా?" అన్నాడు అలీ సాహెబ్.

రోజులు అలీ సాహెబ్ మాట నిలబెట్టలేదు. స్టీలు వచ్చింది. రాగి గిన్నెలు అటకలెక్కాయి, కళాయి తిత్తులు మూలపడ్డాయి. సుభానీ అన్నదమ్ములు మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి వెళ్ళారు. పేర్లు మాత్రం పోలేదు. స్టీలు గిన్నెకూ పేరు కావాలి. పెళ్ళికి కానుకిచ్చిన వాళ్ళ పేరు, ఇంటి పేరు, తారీఖు. కొట్టు అరుగు మీద గోనె పట్టా పరుచుకుని కూర్చుంటే పెళ్ళిళ్ళ రోజుల్లో తల ఎత్తే తీరిక ఉండేది కాదు. ఎనభైల్లో కరెంటు పెన్ను వచ్చినప్పుడు కూడా షావుకారు దాన్ని సుభానీ చేతికే ఇచ్చాడు. అది తుమ్మెదలా జుయ్యిమనేది. చేతికి తిమ్మిరెక్కేది. అయినా దాన్నీ మచ్చిక చేసుకున్నాడు.

"నేను తినే అన్నం మాస్టారి గోడ మీది నదిలోంచి వచ్చింది," అనేవాడు భార్య షాజాదీతో.

"ఆ నదిని కాస్త మన కుళాయిలోకి కూడా రమ్మనవయ్యా," అనేది షాజాదీ, ఖాళీ బిందె చంకనెత్తుకుంటూ.

కళాయి పని పోయినా క్రిస్మస్ ముందు మాస్టారింటికి వెళ్ళడం సుభానీ మానలేదు. వెళ్ళినప్పుడల్లా ఒక గిన్నో గ్లాసో తీసుకెళ్ళి మాస్టారి పేరు చెక్కి ఇచ్చేవాడు. మాస్టారి భార్య రెబ్కమ్మ నోరు మహా చురుకు.

"మా ఇంట్లో గరిటెలకు కూడా పేర్లు పెట్టావు సుభానీ. ఇక మిగిలింది నేనే. నా నుదుటి మీద కూడా ఈయన పేరు చెక్కి పో."

"అమ్మగారూ, స్టీలైతే చెక్కుతానండి. మీరు ఇనుము కదా, ఉలి విరుగుతుంది."

రెబ్కమ్మ నవ్వాపుకుని టీ తెచ్చేది. సుభానీ టీ తాగుతూ నాలుగు ఫ్రేముల ముందూ వరసగా నిలబడేవాడు. జుట్టు నెరిసినా ఆ బొమ్మల ముందు అతని నడుం తనకు తెలియకుండానే కొంచెం అటూ ఇటూ ఊగేది.

*

ఎనభై ఆరు చివర్లో వెళ్ళినప్పుడు మాస్టారు వరండాలో లేరు. లోపల మంచం మీద కూర్చుని ఉన్నారు. సుభానీ ఎదురుగా నిలబడినా చూపు అతని చెవి పక్కగా ఎటో పోయింది.

"నీటికాసులటోయ్," అన్నారు మాస్టారు, ఎవరో చుట్టం వచ్చిన సంగతి చెప్పినంత మామూలుగా. "ఒక కన్ను పోయింది. రెండోది తాళంచెవి కన్నంలా అయింది. అందులోంచి లోకాన్ని ముక్కలు ముక్కలుగా చూస్తున్నాను. ఎండాకాలం దాకా ఉంటే గొప్పేనన్నాడు డాక్టరు."

సుభానీ చేతిలో ఉన్న గ్లాసును తిప్పుతూ నిలబడ్డాడు.

"బాధేం లేదులే. చూడాల్సినవన్నీ చూశాను. ఒక్కటే..." మాస్టారు ఆగారు. "మాది సీతానగరం అని నీకు తెలుసుగా. మా నాన్న ఆ రేవులో పడవ నడిపేవాడు. మెట్లు దిగుతుంటే ఎడమ పక్క చింతచెట్టు. కుడి పక్క, అవతలి ఒడ్డున, బెజవాడ కొండ. మెట్లకు కట్టేసిన పడవలు. పొద్దున్నే మంచులో నీళ్ళు కనపడేవి కావు, పడవలు గాల్లో వేలాడుతున్నట్టుండేవి. ఈ గోడ మీది బొమ్మలు చూసినప్పుడల్లా నాకు మా రేవే కనబడేది. ఎప్పటికైనా గీద్దామనుకున్నాను. పిల్లలచేత వంకాయా, కూజా గీయించడంతోనే సర్వీసు అయిపోయింది."

"ఆ వంకాయలన్నీ వండితే గుంటూరు మొత్తానికి కూర," అంది రెబ్కమ్మ వంటింట్లోంచి. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

"నేను తీసుకెళతాను పదండి మాస్టారూ. బస్సులో గంట ప్రయాణం."

"నది దగ్గరికి పోతే నాకు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడదోయ్. అరచెయ్యంత కాగితమైతే కంటికి ఆనించుకుని మెల్లగా మొత్తం చూస్తాను. ఆ రేవును అలా ఒక్కసారి చూడాలని ఉంది."

"ఫోటో తీయించరాదూ?" అంది రెబ్కమ్మ.

"ఫోటోలో ఇప్పటి రేవు వస్తుంది. మా నాన్న పడవ రాదు."

సుభానీ ఇంటికి నడిచి వచ్చాడు. రిక్షా పిలవడం కూడా మర్చిపోయాడు. మాస్టారు ఒక్కమాటతో తనకు బతుకంతా ఇచ్చారు. తను ఇన్నేళ్ళలో తిరిగి ఇచ్చింది గరిటెల మీద పేర్లు. ఇప్పుడు అడిగారు. నోరు తెరిచి అడగలేదు కానీ, అడిగారు. ఆ కన్నం మూసుకుపోయేలోగా అందులో రేవును పెట్టాలి.

గీయాలంటే అతనికి తెలిసింది రాగే. కాగితం మీద పెన్సిలు పట్టుకుంటే అక్షరం కూడా వంకర పోయేది.

కంసాలి బాపయ్య అతనికి పాత స్నేహితుడు, వరస కలుపుకుని పిలుచుకునే బావ. అతని కొట్లో బంగారం రేకులు లాగే మిషను ఉంది. నున్నటి రెండు ఉక్కు రోలర్లు, ఒక చేతి పిడి. వాటి మధ్య ఏది పెట్టినా కాగితంలా అయిపోయేది.

"పేర్లు చాలక ఊళ్ళు చెక్కుతావా ఏరా?" అన్నాడు బాపయ్య అంతా విని. "బంగారం నడిచే మిషన్లో గుడ్డలూ కాగితాలూ పెడతావా? మా తాత చూస్తే ఏమంటాడు?"

"మీ తాత పెట్టుకున్న బంగారం కన్నా విలువైందే పెడతాను బావా."

"మాటలకేం, పూలరంగడివి. సరే, మిషను నేనే తిప్పుతాను. నువ్వు దాని మీద చెయ్యి వేస్తే మాత్రం ఒప్పుకోను." మిషను పిడి తుడుస్తూ, "ద్రావకం కూడా నా దగ్గరే ఉందిలే. రాగి పలక వెనక వైపు లక్క పూయాలి, లేకపోతే అటు కూడా కొరుకుతుంది," అన్నాడు. అప్పటికే పని అతనిదైపోయింది.

అటక మీది పాత రాగి పళ్ళెం ఒకటి కోసి, అరచేతికన్నా కాస్త పెద్ద పలక చేశారు. సుభానీ దాన్ని గాజులా మెరిసేదాకా తోమాడు. తేనెమైనం కరిగించి పలచగా పూశాడు. దీపం పొగ పట్టించాడు. నల్లటి పలక తయారైంది. ఎండకు మైనం మెత్తబడుతుంది కనుక చలి ఉండగానే వెళ్ళాలి. ఒక ఆదివారం తెల్లవారుతుండగా బస్సెక్కాడు. పలకను టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో తడిగుడ్డ పైన పెట్టాడు. పై గిన్నెలో షాజాదీ జొన్నరొట్టెలు పెట్టింది.

"పైన రొట్టెలు, కింద ఊరు. ఆకలేసి తప్పు మూత తీయకు," అంది.

సీతానగరం రేవులో మంచు ఇంకా లేవలేదు. సుభానీ తడి మెట్ల పైన, కాస్త ఎత్తులో, పలకను మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. దబ్బనం మైనాన్ని తాకింది.

బతుకంతా అతను ఉలితో చుక్క చుక్కగా నడిచినవాడు. ఒక్కో చుక్కకు ఒక్కో దెబ్బ. ఈ దబ్బనం నడవలేదు, జారింది. నల్లటి మైనం మీద ఎర్రటి సన్నని దారి మెరుస్తూ వెళ్ళిపోయింది, తెల్లారుజామున ఎవరో దీపం పట్టుకుని గట్టు మీద నడిచినట్టు. ఎడమ పక్క చింతచెట్టు గీశాడు. మెట్లు గీశాడు. కుడి పక్క అవతలి ఒడ్డున కొండ. బ్యారేజీని వదిలేశాడు, మాస్టారి చిన్నతనంలో అది లేదు. ఇప్పుడు రేవులో లేని పడవల్ని మాస్టారు చెప్పినట్టు వరసగా కట్టేశాడు. ఒక పడవలో తలగుడ్డ చుట్టుకున్న మనిషిని కూర్చోబెట్టాడు. తర్వాత ఒడ్డు అంచుకు వచ్చి, దబ్బనం ఎత్తేశాడు.

నదిని వదిలేశాడు.

రొట్టెలు తినడం గుర్తురాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా ఆరబెట్టిన మిరపకాయల ఎర్రటి కళ్ళాలను చూస్తుంటే, ఎందుకో ఏడుపొచ్చినట్టయింది. అంత సంతోషం అతనికి అలవాటు లేదు.

*

బాపయ్య కొట్టు వెనక వాకిట్లో, పింగాణీ పళ్ళెంలో ద్రావకం పోసి పలకను దించారు. గీతల మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. షాజాదీ కోడి ఈక ఒకటి ఇచ్చి పంపింది, దాంతో బుడగల్ని తుడుస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు ఉంచాలో ఇద్దరికీ తెలియదు.

"చాలంటావా బావా?"

"ఇంకాస్త ఉండనీరా. బంగారం పరీక్షలో ఐతే ఈపాటికి తేలిపోయేది. ఇది రాగి, మొండిది."

ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఉంచారు. తీసేసరికి ద్రావకం గీతల్ని ఆబగా కొరికేసింది. దారంలా ఉండాల్సిన గీత గోరు దిగేంత కాలువైంది. సుభానీ మొహం చిన్నబోయింది. అయినా నది చోటు మాత్రం చెక్కు చెదరకుండా నున్నగా ఉంది. సరేలెమ్మని ఉలీ సుత్తీ తీసుకుని పడవ పక్కన మాస్టారి పేరు చెక్కాడు. ప్రేమదాసు. పేరు లేకుండా ఏ రాగినీ ఎవరికీ ఇచ్చిన వాడు కాదు. చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి.

పెళ్ళి శుభలేఖలు వేసే ప్రెస్సులో అడిగి తెచ్చిన సిరాను గాట్లలోకి రుద్దాడు. పైన మిగిలింది పాత నూలు చీర ముక్కతో తుడిచాడు. నానబెట్టిన డ్రాయింగు కాగితం పరిచాడు. దాని మీద గొంగళి ముక్క. బాపయ్య దండం పెట్టుకుని పిడి తిప్పాడు. రోలర్లు మూలిగాయి.

కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా పైకెత్తాడు సుభానీ.

రేవు వచ్చింది. నల్లగా, బరువుగా, వానాకాలపు రేవులా వచ్చింది. పడవలున్నాయి. తలగుడ్డ మనిషి ఉన్నాడు. తెల్లగా నది ఉంది.

బాపయ్య కళ్ళు చిట్లించాడు. "బాగుందిరా. బ్రహ్మాండంగా ఉంది. కానీ ఒరేయ్, కొండ ఇటెందుకొచ్చింది?"

కొండ ఎడమ పక్కన ఉంది. చింతచెట్టు కుడి పక్కన ఉంది. పడవ పక్కన మాస్టారి పేరు వెనక్కి తిరిగి నిలబడింది, ఎవరికీ మొహం చూపించనన్నట్టు.

సుభానీ అరుగు మీద కూలబడ్డాడు. చూసింది చూసినట్టు రాగి మీద గీశాడు. గిన్నె మీద పేరు ఎలా చెక్కుతాడో అలా. గిన్నె మీద చెక్కింది గిన్నె మీదే ఉంటుంది, ఎవరూ దాన్ని ఒత్తి తీయరు. ముప్పై ఏళ్ళ అలవాటు అతని చేత సీతానగరాన్ని తారుమారు చేయించింది.

"తిరగేసి గీయాల్సిందన్నమాట," అన్నాడు బాపయ్య, నెమ్మదిగా. "నాకూ తట్టలేదురా."

"మళ్ళీ గీస్తాను," అన్నాడు సుభానీ.

కానీ మర్నాడు పొద్దున్నే రెబ్కమ్మ పట్నంబజారుకు వచ్చింది. కొట్టు ముందు రిక్షా దిగి, అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏ గిన్నె వైపూ చూడలేదు.

"ఏదో బొమ్మ చేస్తున్నావటగా. చేసేదేదో తొందరగా చెయ్ నాయనా. ఇవాళ కాఫీ గ్లాసు అందుకోబోయి దాని పక్కన గాలిని పట్టుకున్నారు." అంతే అని మళ్ళీ రిక్షా ఎక్కింది.

ఇంటికి వెళ్ళి సుభానీ కాగితాన్ని గోడకు ఆనించి దాని ముందు కూర్చున్నాడు. షాజాదీ కాగితాన్ని చూసింది, పక్కన ఉన్న రాగి పలకను చూసింది.

"కాగితం తిరగబడితే తిరగబడింది. పలక మీద సరిగ్గానే ఉందిగా. రెండూ తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టు. నీ సిగ్గు కోసం ఆయన కన్ను ఆగుతుందా?"

*

మాస్టారు కాగితాన్ని రెప్పలకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నారు. మెల్లగా జరిపారు. ఆ చిన్న కన్నంలోంచి ఒక పడవ దాటింది. ఒక మెట్టు దాటింది. సుభానీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మా నాన్న," అన్నారు మాస్టారు. "తలగుడ్డ కూడా కట్టావే." కాగితం ఇంకా జరిగింది. ఆగింది. వెనక్కి వచ్చింది. "సుభానీ, కొండ ఏదోయ్?"

చెప్పేశాడు. ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. పలక మీద తిన్నగా గీశాననీ, అచ్చులో తిరగబడుతుందని తట్టలేదనీ, ద్రావకం ఎక్కువై గీతలు లావెక్కాయనీ. "మన్నించండి మాస్టారూ. మీ నదిని వెనక్కి పారించాను."

మాస్టారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాడు సుభానీ. నవ్వుతున్నారు.

"ఆ వంతెన బొమ్మ తీయి. గోడ మీదిది."

తీశాడు.

"ఇదీ తిరగబడిందేనోయ్. ఇవన్నీ తిరగబడినవే. ఆ దొరసానమ్మ పుట్టింది ఈ బొమ్మలోని వీధిలోనే. నాకు బొమ్మలిస్తూ చెప్పింది, 'వంతెన దిగి మా ఇంటికి పోవాలంటే కుడికి తిరగాలి, ఈ బొమ్మలో ఎడమకు తిరగాలి' అని. నవ్వుతూ చెప్పి, ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుంది. గీసినవాడు కూడా నీలాగే పలక పట్టుకుని ఒడ్డున కూర్చుని, చూసింది చూసినట్టు గీశాడట. అచ్చులో ఊరు తిరగబడింది. తెలిసీ అలాగే వదిలేశాడట."

సుభానీ గోడ మీది మిగతా మూడు ఫ్రేముల వైపు తిరిగాడు. గుండిగలో నిలబడి ఊగిన నాటి నుంచీ తను ప్రేమించిన ఆ ఊరు కుడి ఎడమలు తారుమారైన ఊరా!

"ఇంత సంగతి నాకు ముందే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు పలక పట్టుకుని రేవుకు పోతావని నాకు కలొచ్చిందా? కాగితం మీద పెన్సిలుతో ఏదో గీసి తెస్తావనుకున్నాను."

"అద్దంలో చూస్తే సరైపోతుందిగా!" అంటూ రెబ్కమ్మ గబగబా అద్దం తెచ్చింది. కానీ కాగితం రెప్పలకు ఆనితే తప్ప కనపడని మనిషికి అద్దం పెట్టే చోటేది? అటు పెట్టి, ఇటు పెట్టి చూశారు. "నా ముక్కు తప్ప ఏమీ కనపడటం లేదు, తీసేయ్. ఇలాగే బాగుంది," అన్నారు మాస్టారు. "బెజవాడ ఒడ్డున కూర్చుంటే నది ఇటే పారుతుంది. ఎన్నడూ అవతలి ఒడ్డు నుంచి చూడలేదు నేను. ఇవాళ చూపించావు."

ఆ మాట మంచితనం కోసం అన్నదని సుభానీకి తెలుసు. మంచితనం కోసం అన్నా, కాగితం మళ్ళీ కంటి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలైంది. చాలాసేపు చూశారు. అలసిపోయి దించారు.

అప్పుడు గుర్తొచ్చింది సుభానీకి. సంచిలోంచి గుడ్డ విప్పి పలకను మాస్టారి ఒళ్ళో పెట్టాడు. "ఇది అసలుదండి. దీని మీద తిన్నగానే ఉంది."

మాస్టారు దాన్ని కంటికి ఆనించుకున్నారు. రాగి మెరుపు తప్ప ఏమీ తెలియలేదు. దించబోతూ బొటనవేలు అలవాటుగా దాని మీద తిప్పారు. తిప్పిన వేలు ఆగింది.

గీతలు గోరు దిగేంత లోతు. ద్రావకం చేసిన పాడు పని. ఎడమ పక్క గజిబిజిగా, గరుకుగా ఏదో తగిలింది. "చింతచెట్టు," అన్నారు మాస్టారు. వేలు మెట్టు తరవాత మెట్టు దిగింది. పడవ అంచు పట్టుకుంది. అక్కడ చుక్కలు చుక్కలుగా ఉలి దెబ్బలు. వేలు వాటి మీద నెమ్మదిగా నడిచింది.

"నా పేరు," అన్నారు. "మా నాన్న పడవకు పేరు లేదోయ్."

"గిన్నెలకు చెక్కే అలవాటండి. చెయ్యి ఊరుకోలేదు."

రెబ్కమ్మ అద్దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఎండలు ముదిరేలోగా ఆ కన్నం కూడా మూసుకుపోయింది. కాగితాన్ని ఫ్రేము కట్టించి థేమ్స్ బొమ్మల పక్కన వేలాడదీశారు. వచ్చినవాళ్ళు దాన్ని చూసేవారు. పలక మాత్రం మాస్టారి ఒళ్ళోనే ఉండేది. రాగి కదా, నల్లబడుతుంటే రెబ్కమ్మ చింతపండు పెట్టి తోమేసేది. "అంత గట్టిగా రుద్దకండి అమ్మగారూ, చెట్టు అరిగిపోతుంది," అని సుభానీ మొత్తుకునేవాడు. "అరిగితే మళ్ళీ చెక్కు. నీకున్న పనేమిటి?" అనేదావిడ.

ఆదివారాలు అతను అక్కడే గడిపేవాడు. మాట్లాడుకునేది తక్కువ. ఒక చలి పొద్దున సుభానీ వెళ్ళేసరికి మాస్టారు వరండాలో, పాత కుర్చీలో, పలక మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నారు. వేళ్ళు మెట్లు దిగుతున్నాయి. పడవ దాటాయి, పేరు దాటాయి, గీతలు ఆగిపోయే అంచు దాకా వచ్చాయి. అక్కడి నుంచి నున్నటి రాగి మీదికి జారాయి.

ఆయన అరచెయ్యి మొత్తం అక్కడ పరిచి ఉంచారు, చాలాసేపు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయోయ్ సుభానీ," అన్నారు.